బంక పునరుద్ధరణ కార్యక్రమం

రంపం బ్లేడును కడిగింది నేనే. ఈ సంగతి ప్రిన్సిపాలు గారి దగ్గర నోటితోనూ, విచారణ సంఘం దగ్గర కాగితం మీదా, సంయుక్త సంచాలకుల వారికి రెండు ప్రతుల్లోనూ ఒప్పుకున్నాను. కడిగినందుకు ఎవరూ నన్ను కోప్పడలేదు. కడిగితే శుభ్రపడిందే, చిక్కంతా అక్కడొచ్చింది.

మా ఊళ్ళో ప్రభుత్వ వడ్రంగ శిక్షణ కేంద్రం ఉంది. మావారు నాగలింగాచారి గారు అందులో ఇన్‌స్ట్రక్టరు. తాతల నాటి నుంచీ వాళ్ళది చెక్కపనే. నేను కాకినాడలో బీయస్సీ కెమిస్ట్రీ చదివి, ఇరవై రెండేళ్ళుగా ఆ చదువును రాగి చెంబుల మీదా, మాడిన గిన్నెల మీదా ప్రయోగిస్తున్నాను.

కేంద్రంలో కరెంటు రంపం బల్ల ఒకటుంది. దానికి గుండ్రటి బ్లేడు ఒకటి, దానికి నలభై పళ్ళు. చెక్కలో గాడి తీయడానికీ, అంచులకు నగిషీ పెట్టడానికీ రౌటరు అనే చేతి మర ఒకటుంది. దానికి బిగించే చిన్న చిన్న బిట్లు ఏడు. ఇంతే మా ఆస్తి. శిక్షణకు ఇచ్చే చెక్క మాత్రం ఓడల్లో యంత్రాలు వచ్చిన పెట్టెలు ఊడదీస్తే వచ్చే పైన్ చెక్క. అందులో బంక ఎక్కువ. బ్లేడు తిరిగే వేడికి ఆ బంక కరిగి పళ్ళకు అంటుకుంటుంది, అక్కడే మాడుతుంది, మాడిన పాలగిన్నె అడుగులా గట్టిపడుతుంది. లోపల పన్ను పదునుగానే ఉంటుంది. కానీ చెక్కకు తగిలేది పన్ను కాదు, బంక. అప్పుడు రంపం కోయడం మానేసి రుద్దడం మొదలుపెడుతుంది. చెక్క కాలుతుంది, పొగ వస్తుంది, మావారికి దగ్గు వస్తుంది.

ఆయన ప్రిన్సిపాలు త్రినాథరావు గారికి అర్జీ పెట్టుకున్నారు. బ్లేడుకు బంక పట్టింది, కడగడానికి సోడా ఒక పొట్లం, బ్రష్షు ఒకటి ఇప్పించవలసింది అని.

త్రినాథరావు గారు మంచి మనిషి. పరికరాల మాన్యువల్ చూడకుండా ఆవలించడం కూడా ఆయనకు అలవాటు లేదు. మాన్యువల్ తెరిచి, కళ్ళజోడు పైకి జరిపి అడిగారట.

“నాగలింగం, మాన్యువల్లో బ్లేడుకి మూడే స్థితులయ్యా. పదునైనది, మొద్దుబారినది, పోయినది. మురికిపట్టినది అనే గడి లేదు. నీది ఏ గడిలోకొస్తుంది?”

“పదునైనదేనండి. కానీ కొయ్యట్లేదు.”

“కొయ్యనిది పదునెలా అవుతుందయ్యా?”

“కడిగితే కోస్తుందండి.”

“కడగడానికి గడి లేదంటున్నాను గదా. పోయిందని రాస్తే నీ మెడకి చుట్టుకుంటుంది. మొద్దుబారిందని రాస్తే కొత్తదొస్తుంది. నీ ఇష్టం.”

ఆ విధంగా నలభై పళ్ళ బ్లేడూ, ఏడు బిట్లూ మొద్దుబారినవని ధ్రువపత్రం తయారైంది. ప్రిన్సిపాలు గారు సంతకం పెట్టారు, గుమాస్తా పెట్టాడు. పై ఆఫీసులో సంయుక్త సంచాలకులు పరాంకుశం గారు బ్లేడు మొహం చూడకుండానే పెట్టారు. మాన్యువల్ ప్రకారం మొద్దుబారిన బ్లేడుతో కోయకూడదు కాబట్టి రంపం బల్లకు ‘వాడరాదు’ అని అట్ట కట్టారు. కొత్త బ్లేడు ఎప్పుడొస్తుందని మావారు అడిగితే, వచ్చినప్పుడు తెలుస్తుందన్నారు.

ప్రాక్టికల్ పరీక్షకు అప్పటికి ఇరవై నాలుగు రోజులుంది. పద్నాలుగు మంది అభ్యర్థులు. ఒక్కొక్కరూ ఒక పీటో, స్టూలో, పెట్టో చేసి పరీక్షకు పెట్టాలి. ఈ బ్యాచితో ఆ శిక్షణ పథకమే ముగిసిపోతోంది. ఈసారి పరీక్ష తప్పిన వాళ్ళు మళ్ళీ కూర్చుందామంటే పరీక్షే ఉండదు.

ఆ వారం గంగారత్నం మా ఇంటికి వచ్చింది. బ్యాచిలో అందరికంటే పెద్దది, ముప్పై నాలుగేళ్ళు. అంతకు ముందు మామిడికాయల పెట్టెలకు మేకులు కొట్టేది. పెట్టెకు ఇరవై ఎనిమిది మేకులు, పన్నెండేళ్ళు. ఇప్పుడు బడి బల్లలు చేసే కార్ఖానా వాళ్ళు మర పని ఇస్తామన్నారు. సర్టిఫికెట్టు చూపిస్తే.

“మాస్టారు అన్నం తింటన్నారా అమ్మగారూ?” అంది గుమ్మంలోనే నిలబడి.

“తింటున్నారు. నమలడం లేదు.”

“మరేనండి. బళ్ళోనూ అంతే. పాఠం చెప్తారు, మా మొకాలు చూడరు.” కొంగుతో మొహం తుడుచుకుంది. “కాయితం రాపోతే నేను మళ్ళీ మేకులకెళ్ళిపోతానండి. వెళ్ళలేక కాదు. రెండేళ్ళు రంపం ముందు నిలబడ్డాక మేకు పట్టుకుంటే సిగ్గేత్తాదండి, అదీ.”

ఆమె వెళ్ళాక మావారితో అన్నాను. “ఆ బ్లేడు ఒకసారి ఇంటికి తెండి. చూస్తాను.”

“ప్రభుత్వ ఆస్తి అది.”

“మొద్దుబారిన ఆస్తే కదా. మొద్దుబారినవి ఇంట్లో పెట్టుకోవడం నాకు కొత్తేం కాదు.”

ఆయన నా వైపు అదోలా చూశారు గానీ, మర్నాడు బ్లేడును రెండు అట్టముక్కల మధ్య పెట్టి స్కూటరు మీద తెచ్చారు. బిట్లు క్యారేజీ పైగిన్నెలో వచ్చాయి.

ఆవకాయ కలిపే పెద్ద బేసిను తీశాను. బ్లేడు వెడల్పుగా పరుచుకుని పట్టే పాత్ర ఇంట్లో అదొక్కటే. వేడినీళ్ళలో చాకలి సోడా కలిపి బ్లేడును పడుకోబెట్టాను. మావారు పక్కన పీట వేసుకుని కూర్చుని, కూతురి పెళ్ళిచూపులప్పుడు కూడా పడనంత కంగారు పడ్డారు.

“ఇనప పీచు పెట్టకు. పన్ను మొనకి కార్బైడు ముక్క అంటించి ఉంటుంది. ఇనుము కంటే గట్టిది గానీ మొండిది. వంగమంటే విరుగుతుంది.”

“మీ ప్రిన్సిపాలు గారిలాగా.”

“ఆయన వంగుతారు, పైవాళ్ళొస్తే. ఆగాగు, ఆ బిట్టు అలాగే ముంచేస్తున్నావేంటి? దాని చివర బుల్లి బేరింగుంది చూడు. అది ముందు ఊడదియ్యాలి. లోపల గ్రీజు కడిగేశావంటే ఇంక తిరగదు.”

బేరింగులు ఊడదీసి సాసరులో పెట్టాం. ఒక అరగంటకు నీళ్ళు కాసిన టీ రంగుకు తిరిగాయి. ఆయన పాత పళ్ళబ్రష్షుతో పన్ను పన్నుకూ తోమాను. నలభై పళ్ళు. మనిషికి ముప్పై రెండేనని ఆ రోజు దేవుడి మీద గౌరవం కలిగింది. పెచ్చులు పెచ్చులుగా బంక ఊడొచ్చింది. మంచినీళ్ళతో కడిగి, తుప్పు పట్టకుండా అప్పటికప్పుడు పాత పంచెతో తుడిచి, కాసేపు ఎండలో పెట్టి, కుట్టుమిషను నూనె రెండు చుక్కలు గుడ్డకు రాసి పైపైన అద్దాను. బ్లేడు మెరిసింది. మావారు బొటనవేలి గోరును ఒక పన్ను మీద ఆనించి చూసి, లేచి వెళ్ళి అన్నం పెట్టమన్నారు. ఆ పూట నమిలారు.

మర్నాడు వాడరాదన్న అట్ట విప్పి పక్కన పెట్టి, బ్లేడు బిగించి పలక తోశారు. అరటిబోదెను కోసినట్టు కోసింది. పొగ లేదు. ఆ పొగ లేకపోవడమే కొంప ముంచింది. వర్క్‌షాపు నడుస్తోందో లేదో ప్రిన్సిపాలు గారు తన గది కిటికీలోంచి పొగను బట్టే తెలుసుకునేవారు. మొద్దుబారిన బ్లేడు నడవకూడదు కాబట్టి పొగ లేకపోవడం సబబే. కానీ రంపం చప్పుడు వినిపిస్తోంది. ఈ రెండూ కలవక ఆయన పరుగున వచ్చారు.

“ఏమిటిది నాగలింగం, కోస్తోంది?”

“కోస్తోందండి.”

“కొయ్యదని నేను సంతకం పెట్టానే.”

“అప్పుడు కొయ్యలేదండి. మా ఆవిడ కడిగింది.”

త్రినాథరావు గారు బల్ల మీద నిగనిగలాడుతున్న పలకను ఒకసారి నిమిరి, చెయ్యి వెనక్కి తీసుకున్నారు, వేడి పెనం తగిలినట్టు. “చాలా నున్నగా ఉంది,” అన్నారు విచారంగా.

మూడోనాటికి మెమో వచ్చింది. ఇంటికి తెచ్చి చూపించారు. ఇప్పటికీ కంఠతా వచ్చు నాకు.

“విషయం: మొద్దుబారినదని ధ్రువీకరింపబడిన బ్లేడు కోయుట గురించి. పై విషయమై తెలియజేయునది ఏమనగా, సదరు బ్లేడు ముగ్గురు అధికారులచే మొద్దుబారినదిగా నిర్ధారింపబడియుండగా, మీరు ఎట్టి ముందస్తు అనుమతియు లేకుండ దానికి పదును కలుగజేసి, తద్వారా సదరు ధ్రువపత్రమునకు భంగము వాటిల్లజేసినారు. ఈ అనధికార పదునునకు మీ సంజాయిషీని మూడు దినములలో సమర్పించవలెను.”

మావారు నిజాయితీపరులు. పదును నేను పెట్టలేదు, అది ముందు నుంచీ ఉన్నదే, మా ఆవిడ మీది మురికి తీసింది అని రాశారు. నేనైతే అలా రాయనిచ్చేదాన్ని కాదు. ఎందుకంటే పై ఆఫీసు వాళ్ళకు అందులో ఒక్క మాటే కనిపించింది. తీసింది. ప్రభుత్వ ఆస్తి మీద నుంచి ఒక పదార్థాన్ని తీశారు. తీసి ఏం చేశారు?

విచారణ సంఘం మా ఇంటికే వచ్చింది. పరాంకుశం గారు అధ్యక్షులు, త్రినాథరావు గారు సభ్యులు, రాసుకోవడానికి గుమాస్తా. వంటింట్లో కుర్చీలు పట్టక అధ్యక్షుల వారిని రుబ్బురోలు పక్కన స్టూలు మీద కూర్చోబెట్టాను. మజ్జిగ ఇచ్చాను. విచారణలో ఉండగా ఆతిథ్యం స్వీకరించరాదని చెప్పి, తాగి, గ్లాసు కింద పెట్టారు.

“మీరు బ్లేడును ఏ హోదాలో కడిగారు?”

“గిన్నెలు ఏ హోదాలో కడుగుతానో ఆ హోదాలోనేనండి. అయినా ఆ బంక అసలు—”

“అడిగినదానికే సమాధానం చెప్పండి. అడగనిది చెప్పడం విచారణకు ఆటంకం. తొలగించిన పదార్థం ఎక్కడుంది?”

“తూములో పోశాను.”

తూము చూశారు. గుమాస్తా వంగి, ‘తూము ఉన్నది, పదార్థము లేదు’ అని రాసుకున్నాడు. తర్వాత బేసిను అడిగారు, చూపించాను. బ్రష్షు అడిగారు, తెచ్చాను.

“ఈ బ్రష్షు ఎవరిది?”

“మావారిదండి. పాతది.”

“అంటే ఉద్యోగి స్వంత దంతధావన సామగ్రి ప్రభుత్వ పళ్ళకు వినియోగింపబడింది.” పరాంకుశం గారు కళ్ళు మూసుకుని ఆ వాక్యాన్ని మరోసారి మనసులో చదువుకున్నట్టున్నారు. “రాయండి. బేసినూ, బ్రష్షూ సాక్ష్యాధారాల కింద స్వాధీనం.”

“బేసిను వచ్చే వారం కావాలండి. ఆవకాయ రోజులు.”

“విచారణ ఆవకాయ కోసం ఆగదమ్మా.”

నా చేత ఒక హామీ పత్రం కూడా రాయించుకున్నారు. ఆయనే చెప్పారు, గుమాస్తా రాశాడు, నేను సంతకం పెట్టాను. ‘సదరు బ్లేడును సదరు బేసినునందు సదరు బ్రష్షుతో ఇకమీదట కడగనని ఇందుమూలముగా హామీ ఇచ్చుచున్నాను.’ సంతకానికి ముందు రెండుసార్లు చదువుకున్నాను. చాలా స్పష్టంగా ఉంది. ఏమీ మార్చమనలేదు.

తర్వాత వరండాలో కూర్చుని అసలు సమస్య తేల్చుకున్నారు. తలుపు వేసుకోలేదు కాబట్టి నాకు వినబడింది.

“రెండే మార్గాలు,” అన్నారు పరాంకుశం గారు. “ధ్రువపత్రం రద్దు చెయ్యడం ఒకటి. అప్పుడు పదునున్న బ్లేడుకి మొద్దని సంతకం పెట్టినవాళ్ళు ఎవరని వస్తుంది. ఎవరు?”

“మనమేనండి,” అన్నారు త్రినాథరావు గారు.

“కాబట్టి ఆ మార్గం లేదు. రెండోది, బ్లేడును ధ్రువపత్రంలో ఉన్న స్థితికి తీసుకురావడం. కాగితం తప్పు కాదు. బ్లేడే కాగితాన్ని దాటి పోయింది. వెనక్కి రావాలి.”

“జిగురు డబ్బా తెచ్చి పూసేద్దామాండి? సాయంత్రానికి అయిపోతుంది.”

“త్రినాథరావ్. కృత్రిమ బంక పూస్తే అది రికార్డును తప్పుదోవ పట్టించడం అవుతుంది. సహజంగా పట్టాలి.” గుమ్మం దగ్గరున్న నా వైపు తిరిగారు. “అమ్మా, మీరు కెమిస్ట్రీ చదివారట. బంక సహజంగా దేనివల్ల పడుతుంది?”

అడిగారు కాబట్టి చెప్పాను. “కోస్తే పడుతుందండి. పైన్ చెక్కే కోయాలి. బాగా కోయాలి.”

“ఎంత?”

“మొదటిసారి పట్టడానికి రెండేళ్ళు పట్టింది. రోజూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా కోస్తే త్వరగా పట్టొచ్చేమో. బిట్లకి కూడా పట్టాలి కదండి. గాడులూ, నగిషీలూ కూడా తీయాలి.”

లోపల నుంచి మావారు దగ్గారు. పొగ లేకుండా ఆయన దగ్గడం చాలా రోజుల తర్వాత అదే.

నాలుగోనాడు ఉత్తర్వు వచ్చింది. ‘బంక పునరుద్ధరణ కార్యక్రమము’ అని పైన, కింద లక్ష్యాలు. అభ్యర్థులు పద్నాలుగు మందీ రోజూ విధిగా పైన్ చెక్క కోయవలెను. ‘వాడరాదు’ అట్టను మురికి పట్టువరకు తాత్కాలికంగా నిలుపుదల చేయడమైనది. సాయంత్రం ఒక ప్రొఫార్మా నింపి పంపాలి. దానిలో మూడు గళ్ళు: కోసిన అడుగులు, పట్టిన బంక, ఇంకను పట్టవలసిన బంక. రెండేళ్ళుగా చెక్క కోసం అర్జీలు పెట్టి విసిగిపోయిన మావారి ముందు ఒక లారీ చెక్క దిగింది.

త్రినాథరావు గారు అభ్యర్థులను నిలబెట్టి ప్రసంగించారు. “మురికి అనేది ఒక్కరోజులో వచ్చేది కాదు. దానికి దీక్ష కావాలి, క్రమశిక్షణ కావాలి. సంస్థ మీ మీద నమ్మకం పెట్టుకుంది.”

“మురికి పట్టిత్తే కాయితం ఇత్తారాండి?” అని గంగారత్నం అడిగింది.

“పరీక్ష వేరు, పునరుద్ధరణ వేరు. పరీక్షకి మొద్దు బ్లేడు వాడకూడదు. కొత్తది వస్తే వాడతారు.”

“రాపోతేనండి?”

ప్రిన్సిపాలు గారు మాన్యువల్ కోసం జేబు తడుముకున్నారు.

చెక్కను ఏ కొలతకు కోయాలో ఉత్తర్వులో లేదు. మావారు పరీక్ష కొలతలకే కోయించారు. కాళ్ళు కాళ్ళుగా, పలకలు పలకలుగా ముక్కలు పోగుపడ్డాయి. అవి గదిలో అడ్డంగా పడి ఉండకుండా, చోటు కలిసి రావడానికి, ఒకదాని గాడిలో ఒకటి దూర్చి, బిగించి, నిలబెట్టారు. దూరం నుంచి చూస్తే స్టూళ్ళలా కనిపించేవి. దగ్గరికి వెళ్ళినా అలాగే కనిపించేవి.

బంక మాత్రం రోజూ పట్టేది. పైన్ చెక్క దాని ధర్మం అది మానదు కదా. సాయంత్రానికి పళ్ళ మొదళ్ళు గోధుమరంగుకు తిరిగేవి. బ్లేడు మళ్ళీ అట్టముక్కల మధ్య స్కూటరెక్కి మా ఇంటికి వచ్చేది. బేసిను పై ఆఫీసులో బీరువా మీద, చీటీ కట్టుకుని ఉంది. సదరు బేసినులో కడగనని మాట ఇచ్చాను, కడగలేదు. మొదటి రెండు రోజులూ బల్లపరుపుగా ఉండే పాత్ర దొరక్క అవస్థపడ్డాను. మూడోనాడు గంగారత్నం నెత్తి మీద ఒక తొట్టి పెట్టుకుని వచ్చింది. పునరుద్ధరణలో మిగిలిన పైన్ ముక్కలతో చేసింది. నాలుగు మూలలూ పళ్ళకు పళ్ళు పట్టించి బిగించింది. అడుగు పలక గాడిలో కూర్చుంది.

“ఒక్క మేకు లేదండి ఇందులో,” అంది. “ఎతికి సూడండి.”

వెతికాను. లేదు. నీళ్ళు పోస్తే ఆ పూట సన్నగా కారింది. “చెక్క తాగాలండి. రేపటికి ఉబ్బి మూసుకుపోద్ది,” అంది. రేపటికి మూసుకుపోయింది. బ్రష్షు కూడా సదరుది కాదు, నాది.

ప్రొఫార్మాలో మావారు అబద్ధం రాయలేదు. పొద్దున్నే బ్లేడు చూసి నింపేవారు. కోసిన అడుగులు: నూటపది. పట్టిన బంక: లేదు. ఇంకను పట్టవలసినది: మొత్తము.

పది రోజులు ఇలాంటివి చదివి పరాంకుశం గారు భూతద్దంతో వచ్చారు. బ్లేడును కిటికీ దగ్గర పట్టుకుని పళ్ళన్నీ లెక్కపెట్టినట్టు చూశారు.

“వెయ్యి అడుగులు దాటింది. ఇంకా మెరుస్తున్నాయేమిటి?”

“సిబ్బందిలో చిత్తశుద్ధి లోపించిందేమోనండి,” అన్నారు త్రినాథరావు గారు.

“చెక్క చాలడం లేదేమోనండి,” అన్నారు మావారు.

ఇంకో లారీ వచ్చింది.

కొత్త బ్లేడు రాలేదు. పరీక్ష రోజు వచ్చింది. పరీక్షాధికారి పరాంకుశం గారే. నన్ను కూడా రమ్మని మెమో పంపారు, బంక విషయ నిపుణురాలిగా. చీర మార్చుకుని వెళ్ళి గోడ వారగా కూర్చున్నాను. పద్నాలుగు వస్తువులు వరుసగా పెట్టి ఉన్నాయి. ఆఖర్న గంగారత్నం తొట్టి. ముందురోజు సాయంత్రం నా దగ్గర నుంచి అడిగి పట్టుకెళ్ళింది. తన దగ్గర ఇంతకంటే బాగా కుదిరిన వస్తువు లేదంది.

పరాంకుశం గారు మొదటి స్టూలును ఎత్తి, తిప్పి, కింద పెట్టారు. ఊగలేదు. మొహం వికసించబోయి ఆగింది.

“ఇవి ఏ బ్లేడుతో కోశారు?”

మావారు నేల చూశారు. త్రినాథరావు గారు మాన్యువల్ చూశారు. ఉన్నది ఒక్కటే బ్లేడు.

“మొద్దుబారిన బ్లేడుతో కోసినవి పరీక్షకు ఎలా స్వీకరిస్తాం?” పరాంకుశం గారి గొంతులో కోపం లేదు. నిజంగానే బాధపడుతున్నారు. “స్వీకరిస్తే బ్లేడు పదునైనదని ఒప్పుకున్నట్టు. ధ్రువపత్రం ఉంది. నేనేం చెయ్యను? వీటిని వ్యర్థ ముక్కల కింద రాయవలసిందే.”

మావారి చెయ్యి రంపం బల్ల అంచును పట్టుకుంది. నాకు చెప్పవలసిన మాటలు చాలా తోచాయి గానీ, నన్నెవరూ ఏమీ అడగలేదు.

గంగారత్నం తొట్టి వెనక నుంచి ముందుకు వచ్చింది.

“అయ్యా, ఒక మాటండి. ఆ బ్లేడు మొద్దేనాండి?”

“మొద్దే. ముగ్గురం సంతకం పెట్టాం.”

“మరి మొద్దు బ్లేడుతోనే ఇంత నున్నగా కోసినోళ్ళం, రేపు కార్కానాలో పదును బ్లేడిత్తే ఇంకెలా కోత్తామో ఆలోచించుకోండయ్యా. కొత్త బ్లేడుతో ఎవరైనా కోత్తారండి. పరీచ్చ మాకా, బ్లేడుకాండి?”

పరాంకుశం గారు ఆమెను చూశారు. స్టూలును చూశారు. మాన్యువల్ చూడలేదు. ఎక్కువ అన్నం తిన్నాక నడుము కట్టు వదులు చేసుకున్న మనిషిలా ఊపిరి వదిలారు. ఆ మాటలో ఆయనకు కనిపించింది నాకూ కనిపించింది. బ్లేడు మొద్దే. ధ్రువపత్రం నిజమే. సంతకాలు చెక్కుచెదరలేదు. పైపెచ్చు సంస్థకు పేరు.

“గుమాస్తా గారూ, రాయండి,” అన్నారు. “మొద్దుబారిన పరికరముతో అసాధారణ నైపుణ్యము ప్రదర్శించినందున, పద్నాలుగురు అభ్యర్థులును ప్రథమ శ్రేణిలో...”

వరుసంతా చూసుకుంటూ తొట్టి దగ్గరికి వచ్చారు. బిందెడు నీళ్ళు పోయించి, వాచీ చూస్తూ కింద కాగితం పరిచారు. కాగితం తడవలేదు.

“ఇదేమిటమ్మా?”

“తొట్టండి.”

“దేనికి పనికొస్తుంది?”

“కడుక్కోడానికండి.”

“ఏం కడుగుతారు?”

గంగారత్నం కళ్ళు ఒక్క క్షణం నా వైపు వచ్చి వెళ్ళాయి. “మురికైనవండి.”

“మంచి ఉపయోగకరమైన వస్తువు,” అని ఆయన తల ఊపి, ‘మేకులు లేవు, నీరు కారలేదు’ అని తన చేత్తోనే రాశారు.

ఇప్పుడు గంగారత్నం కార్ఖానాలో మర పని చేస్తోంది. మొదటి రోజే అక్కడి బ్లేడు చూసి, సోడా ఉందా అని అడిగిందట. మా బేసిను జులైలో తిరిగి వచ్చింది, చీటీతో సహా. అప్పటికి ఆవకాయ బకెట్టులో కలిపేశాను. బ్రష్షు మాత్రం శాశ్వత రికార్డు కింద అక్కడే ఉంచుకున్నారు.

కొత్త బ్లేడు ఆగస్టులో వచ్చింది. పాతదాన్ని ధ్రువపత్రంలో ఉన్న స్థితిలో అప్పగిస్తే గానీ కొత్తది ఇవ్వకూడదట. పాతదానికి ఇంకా బంక పట్టలేదు. అందుచేత కొత్తది నూనె కాగితంలో ప్రిన్సిపాలు గారి బీరువాలో ఉంది. పట్టించడానికి మనుషులు కావాలి కాబట్టి, ముగిసిపోయిన పథకాన్ని మరో రెండేళ్ళు పొడిగించి ఇంకో ఇరవై మందిని చేర్చుకున్నారు. అందులో తొమ్మిది మంది ఆడవాళ్ళు. చెక్క లారీ నెలకొకసారి వస్తోంది.

పోయిన వారం పై ఆఫీసు నుంచి నా పేరున ఒక లేఖ వచ్చింది. బంక పునరుద్ధరణలో జరుగుతున్న అసాధారణ జాప్యం దృష్ట్యా, సదరు బ్లేడుకు పూర్తిగా బంక పట్టుటకు ఇంకను ఎంత కాలము పట్టునో, అది దేనిపై ఆధారపడి యుండునో, నిపుణురాలిగా తెలియజేయవలసిందని.

బ్లేడు తొట్టిలో నానుతుండగా పక్కన కూర్చుని సమాధానం రాశాను. కాలము నిర్ధారించి చెప్పజాలను, అది కోసేవారి శ్రద్ధపైన, చెక్క సరఫరాపైన ఆధారపడి యుండును అని. కడిగేవాళ్ళ మీద కూడా ఆధారపడుతుందని రాయలేదు. కడుగుతున్నారా అని వాళ్ళు అడగలేదు.